కొత్తవాడ చక్రవర్తి

కొత్తవాడలో క్రిస్మస్ దగ్గరపడుతోందని తెలుసుకోవడానికి ఒకప్పుడు ఎవరూ క్యాలెండర్ చూసేవారు కాదు. బుచ్చిరాములు మొహం చూసేవారు. దసరా వెళ్ళిన మర్నాటి నుంచి అతను గడ్డం గీసుకోవడం మానేసేవాడు. కార్తీకం వచ్చేసరికి బుగ్గలు నల్లగా కమ్ముకునేవి, డిసెంబరు చలికి గడ్డం చేత్తో దువ్వుకునేంత అయ్యేది. పద్మశాలి మనిషి, పొద్దంతా గుంట మగ్గంలో కూర్చుని జంపఖానాలు నేసే మనిషి, ఏ మాలా వేసుకోకుండానే అట్లా గడ్డం పెంచడం చూసి వాడకు కొత్తగా వచ్చినవాళ్ళు ఉండబట్టలేక అడిగేవారు.

"ఏమన్న మొక్కున్నదా అన్నా?"

"మొక్కేం లేదు. రోమ్ రాజ్యం ఏల్తాన" అని చెప్పి, బుచ్చిరాములు మళ్ళీ మగ్గంలోకి తల వంచేవాడు.

అడిగినవాడి మొహం చూడాలి అప్పుడు. వాడు వెళ్ళి పక్కింట్లో వాకబు చేసేదాకా వాడికి అన్నం సహించేది కాదు.

ఆ గడ్డం పన్నెండేళ్ళుగా ఎవరికీ కనపడలేదు. ఈ ఏడు మళ్ళీ మొలిచింది. ఇప్పుడది తెల్లగా, అక్కడక్కడా పలచగా, నూలు చిక్కులా ఉంది. అందరికంటే ముందు చూసింది అతని భార్య పోశవ్వ. చూడగానే ఆమె గుండెలో రాయి పడింది. ఆ గడ్డం పెరిగితే చివర ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. తన మొగుడు నలుగురి ముందూ చచ్చిపోతాడు. ఆ ఒక్క చావు కోసం, ఆ చావులో చెప్పే ఒక్క మాట కోసం డెబ్బై దాటిన ఆ మనిషి ఎంత తహతహలాడుతున్నాడో మాత్రం అప్పటికి ఆమెకు తెలియదు.

ఆ సంగతి చెప్పాలంటే ముందు ఏలియా సంగతి చెప్పాలి.

ఏలియా ఇల్లు బుచ్చిరాములు ఇంటికి సరిగ్గా ఎదురుగా. మధ్యలో సైకిల్ పోయేంత గల్లీ. ఏలియా మిల్లులో పనిచేసేవాడు, వాడ చర్చిలో హార్మోనియం వాయించేవాడు, మిగిలిన టైములో నాటకాల పిచ్చితో ఊగిపోయేవాడు. ఏటా క్రిస్మస్‌కు గొర్రెల కాపరులు, ముగ్గురు జ్ఞానులు, పశువుల పాక. అవే దుప్పట్లు, అవే కర్రలు. వేయించి వేయించి ఒక ఏడు ఏలియాకు విసుగొచ్చింది. పాస్టరుగారి దగ్గర సంఘ చరిత్ర పుస్తకం ఒకటి తెచ్చుకుని చదువుతుంటే అందులో దొరికాడు జూలియన్ చక్రవర్తి.

పదహారు వందల ఏళ్ళు దాటిన ముచ్చట అది. రోమ్ రాజ్యం అప్పటికే క్రీస్తు మార్గంలోకి వచ్చేసింది. జూలియన్ పెదనాన్న కాలంలోనే వచ్చింది. జూలియన్ కూడా చిన్నప్పుడు చర్చిలో వాక్యం చదివిన పిల్లవాడే. పెద్దయి గద్దెనెక్కాక మాత్రం, మన తాతల నాటి దేవుళ్ళు ఏమైపోయారని అడిగాడు. మూతపడ్డ గుళ్ళు తెరిపించాడు, ఆరిపోయిన దీపాలు వెలిగించాడు. క్రైస్తవులను ఆ పేరుతో పిలవడం కూడా ఇష్టం లేక 'గలిలయులు' అనేవాడు. ఎక్కడో మారుమూల గలిలయలో పుట్టుకొచ్చిన గుంపు అని వెక్కిరింపు. రెండేళ్ళయినా నిండకుండానే పారసీకుల మీద యుద్ధానికి పోయి, పక్కలో బల్లెం దిగి పడిపోయాడు. పోయేముందు తన నెత్తురే దోసిట పట్టి ఆకాశంలోకి చల్లి, యేసునుద్దేశించి, "ఓ గలిలయుడా, నీవే జయించితివి!" అన్నాడని చర్చివాళ్ళు చెప్పుకునే కథ. నిజంగా అన్నాడో లేదో ఆ బల్లేనికే తెలియాలి.

ఏలియా నైట్ షిఫ్టుల్లో కూర్చుని నాటకం రాసేశాడు. రాయడం తేలిక, చక్రవర్తిని వెతకడమే కష్టమైంది. యేసును కాదనే వేషం వెయ్యడానికి సంఘంలో ఒక్క కుర్రవాడూ ముందుకు రాలేదు. ఒకడు సరేనన్నాడు గానీ, వాడి తల్లి చర్చి మెట్ల మీద కూలబడి శోకాలు పెట్టింది. దాంతో ఏలియా గల్లీ దాటి ఎదురింటికి వచ్చాడు.

"అరేయ్ బుచ్చిగా, నువ్వు బాప్తిస్మం తీసుకోలే గద?"

"లేదు. ఎందుకురా?"

"ఇగ మంచిదాయె. పట్టుకోనిదాన్ని ఇడిశిపెడితే పాపం ఎట్ల తాకుతది? చక్రవర్తివి నువ్వే."

"కిరీటం ఉంటదా?"

"ఉంటది."

"గుర్రం?"

"కట్టె గుర్రం."

బుచ్చిరాములు అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. అప్పటికి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. గడప లోపల నిలబడి వింటున్న పోశవ్వ ఒకే ఒక్క మాట అడిగింది.

"అన్నా, ఆ రాజు ఆఖరికి ఏమైతడు?"

ఏలియా బుర్ర గోక్కున్నాడు. "సస్తడు చెల్లె."

పోశవ్వ మొహం మాడిపోయింది. వద్దనలేదు. ఒక షరతు మాత్రం పెట్టింది. రాజు చచ్చేటప్పుడు అనే మాట ఈ గడప లోపల ఎవరూ పలకకూడదు. మెడలో పుస్తె కట్టి ఏడాదైనా కాని ఇంట్లో మొగుడి నోట చావు మాట ఏమిటని ఆమె బాధ.

"గట్లనే చెల్లె. గా ఒక్క ముక్క స్టేజీ మీద నేనే అందిస్తా, పర్దా పక్కకే కూసుంటా గద" అని ఏలియా ఆమెకు మాటిచ్చాడు.

ఇక చూడాలి ఆ ఇంట్లో రిహార్సళ్ళు. బుచ్చిరాములుకు అక్షరం కూడబలుక్కునేంత చదువు మాత్రమే. మగ్గంలో కూర్చుని నూలును ఇనుప దువ్వెన లాంటి పంజాతో దెబ్బ కొట్టి దిగ్గొడుతూ ఉంటే, ఏలియా గుంట ఒడ్డున నిలబడి మాట చదివేవాడు. దెబ్బకో మాట. ఏలియా గ్రాంథికం ఏలియాది. "దేవాలయ ద్వారములు తెరువుడు!" ధన్. "దీపములు వెలిగింపుడు!" ధన్. గల్లీలో పోయేవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి నవ్వుకునేవారు. అలా కథంతా కంఠస్థం అయింది. చావు సీను వచ్చేసరికి పంజా ఆగిపోయేది, ఇద్దరూ లేచి చాయ్ తాగేవారు.

క్రిస్మస్ ముందురోజు చర్చి ఆవరణలో నాటకం పడింది. బుచ్చిరాములు అట్టకిరీటం పెట్టుకుని, పెళ్ళిళ్ళకు వేసే ఎర్ర జంపఖానా భుజాన కప్పుకుని నిలబడితే జనం నోళ్ళు తెరిచారు. పాత గుళ్ళు తెరిపించినప్పుడు వెనక వరసల్లోంచి చప్పట్లు మోగాయి. అవి మగ్గాలవాళ్ళవి. రాజు మన దేవుళ్ళ దిక్కున్నవాడే గదా అని వాళ్ళు మార్కండేయ గుడి నుంచి గుంపుగా వచ్చి కూర్చున్నారు. బల్లెం తగిలినప్పుడు ముందు వరసల్లోంచి చప్పట్లు మోగాయి. అవి చర్చివాళ్ళవి. రెండు దిక్కుల నుంచీ చప్పట్లు కొట్టించుకున్న వేషం ఈ జిల్లాలో ఇంకోటి లేదని ఏలియా ఆ తర్వాత ఎంతమందికి చెప్పుకున్నాడో.

చక్రవర్తి కట్టె గుర్రం మీంచి పడ్డాడు. దోసిలి పైకెత్తాడు. పర్దా పక్కన ఇనుప స్టూలు మీద కూర్చున్న ఏలియా "గలిలయుడా... గలిలయుడా..." అని గుసగుసగా అందించాడు. అదే క్షణంలో డప్పులవాడు యుద్ధం ఇంకా అయిపోలేదనుకుని వాయించాడు. రిహార్సల్ లేని మాట. బుచ్చిరాములు చెవికి సగం అందింది. మిగతా సగం తనకు తెలిసిన భాషలోంచి తెచ్చుకుని, గొంతు పగిలేలా అరిచాడు.

"ఓ గల్లీవాడా! నువ్వే గెల్చినవ్!"

ఆవరణంతా నిశ్శబ్దం. ఏలియా రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అప్పుడు ముందు వరసలో చర్చి ఊడ్చే యాకమ్మ, ముసలామె, లేచి నిలబడి చేతులు పైకెత్తింది.

"ఔ కొడుకా! మా గల్లీవాడే! మా గల్లీవాడే గెల్చిండు!"

అంతే. జనమంతా లేచారు. ఈలలు, స్తోత్రాలు, ఏడ్పులు అన్నీ కలిసిపోయాయి. పశువుల పాకలో పుట్టినవాడు ఈ వాడలోనే, ఈ ఇరుకు సందులోనే పుట్టాడన్నంత సంబరం వాళ్ళది. పర్దా పడ్డాక ఏలియా వచ్చి బుచ్చిరాములు గడ్డం పట్టుకుని గుంజాడు.

"గలిలయ అంటే ఊరు రా! గల్లీ గాదు! ఎంత మంచిగ రాసిన రా!"

"జనం మెచ్చుకున్నరు గదరా."

"జనం మెచ్చుకున్నరు. నేను మెచ్చలే. వచ్చే యేడు సరిగ్గ చెప్పు."

మరుసటి ఏడుకు బుచ్చిరాములుకు ఆ మాట బాగానే తెలుసు. ఏలియా స్టూలు మీంచి పెదవులు కదిపి "గ-లి-ల-యు-డా" అని పలక మీద రాసినంత స్పష్టంగా చూపించాడు కూడా. చక్రవర్తి అటు తిరిగి చూసి, గడ్డంలోపలే ఒక చిన్న నవ్వు నవ్వి, "ఓ గల్లీవాడా!" అని అరిచాడు. జనం ఊగిపోయారు. ఆ రోజు నుంచి అదొక పంతం అయిపోయింది. ఏటా ఏలియా సరైన మాట అందించడం, ఏటా బుచ్చిరాములు తన మాటే చెప్పడం. పర్దా పడ్డాక ఏలియా గడ్డం పట్టుకోవడం. "ఈ యేడు గూడ నువ్వే గెల్చినవ్ రా. వచ్చే యేడు చూస్తా." ముప్పై ఏళ్ళు పైన జరిగింది ఈ భాగోతం. ఇద్దరు పెద్దమనుషులు చేసే పనేనా అంటే, పెద్దమనుషులకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది!

ఇంత జరిగినా ఆ మాట విననిది వాడ మొత్తంలో పోశవ్వ ఒక్కతే. ఆ నాటకంలో ఒక బాతు ఉండేది. చక్రవర్తి ఎంతో ఆశపడి ఒక పాత గుడి పండగకు పోతాడు. వేల మంది వస్తారు, బలులూ పాటలూ ఉంటాయని అనుకుంటాడు. తీరా చూస్తే ఒక్క ముసలి పూజారి తన ఇంటి నుంచి తెచ్చిన బాతును చంకన పెట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ బాతును ఏటా హసన్‌పర్తి చెరువు దగ్గర ఉండే పోశవ్వ తమ్ముడు తెచ్చిచ్చేవాడు. ఆ సీను కాగానే పోశవ్వ బాతును తీసుకుని గేటు బయటికి వెళ్ళిపోయేది. లోపల మొగుడు చచ్చి, చప్పట్లు ఆగి, మళ్ళీ లేచాడని ఎవరైనా వచ్చి చెబితేనే లోపలికి వచ్చేది. ఇంటికి పోగానే ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పోసేది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టే. ఎప్పుడూ ఘాటు వచ్చేది కాదు.

నిజానికి బుచ్చిరాములుకు చావు సీను కంటే బాతు సీనంటేనే ప్రాణం. మొదట్లో అది నవ్వుల సీను. ఒకసారి బాతు ఎగిరి సింహాసనం ఎక్కి కూర్చుంటే జనం పావుగంట నవ్వారు. తర్వాత తర్వాత వాడలో మరమగ్గాలు వచ్చాయి. గుంట మగ్గాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గుంటలు పూడ్చి, పైన బండలు పరిచి, గదులు కిరాయికి ఇచ్చుకున్నారు. పంజా చప్పుడుతో తెల్లవారే గల్లీలో ఆ చప్పుడు బుచ్చిరాములు ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయింది. అప్పటి నుంచి ఆ సీనులో బుచ్చిరాములు బాతును చూసే చూపే మారిపోయింది.

"ఎవలు రాని గుడిల ఒక్కడు బాతును పట్టుకొని నిలబడ్డడు సూడు, గాడు నేనే రా" అన్నాడు ఒకసారి ఏలియాతో.

ఏలియా నవ్వేశాడు. కొన్నాళ్ళకు మిల్లు మూతపడింది. సైరన్ ఆగిపోయింది. అయినా షిఫ్టు వేళకు ఏలియా చొక్కా వేసుకుని గల్లీలోకి వచ్చి నిలబడేవాడు, కాసేపు అటూ ఇటూ చూసి లోపలికి పోయేవాడు. ఆ ఏడు బాతు సీనులో చక్రవర్తి స్టూలు వైపు చూస్తే అక్కడి నుంచి మాట అందలేదు. ఏలియా కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. పోయినదాన్ని మళ్ళీ తెచ్చుకోవాలన్న ఆశ ఎంత పిచ్చిదో, ఎంత తీయనిదో ఆ రోజు ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

ఇంకో ఏడు సంగతి కూడా చెప్పాలి. నాటకంలో చక్రవర్తి కోపంగా అనే మాట ఒకటి ఉంది. "వీరు తమ బీదలనే గాక మన బీదలను సైతం పోషించుచున్నారు!" క్రైస్తవుల మంచితనమే అతనికి గుచ్చుకునే ముల్లు. ఆ ఏడు పోశవ్వకు ఆపరేషన్ అయి దవాఖానలో ఉంటే, ఏలియా భార్య దీనమ్మ రెండు పూటలా టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కి వచ్చింది. పథ్యం వండింది, తల దువ్వింది. స్టేజీ మీద ఆ మాట వచ్చేసరికి బుచ్చిరాములుకు ఎంత ప్రయత్నించినా కోపం రాలేదు. ముందు వరసలో కూర్చున్న దీనమ్మను చూస్తూ మెల్లగా, దండం పెట్టినట్టు చెప్పాడు. ఏం నటన, ఏం నటన అని జనం మెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఒక నవంబరులో, గడ్డం సగం పెరిగి ఉండగా, ఏలియా పోయాడు. పదకొండో రోజున బుచ్చిరాములు సొంత అన్నదమ్ముడు పోతే తీయించుకున్నట్టు తలా గడ్డమూ తీయించుకుని ఆ ఇంటి ముందు నిలబడ్డాడు. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న దీనమ్మ ఆ నున్నటి మొహం చూసి భోరుమంది. నాటకం అంతటితో ఆగిపోయింది.

ఈ ఏడు చర్చి వార్షికోత్సవానికి ఆ నాటకం మళ్ళీ వేస్తారని దసరా రోజుల్లో కబురు తెలిసింది. వేయించేది జెస్సికా, ఏలియా కొడుకు బిడ్డ. హసన్‌పర్తి దగ్గర కాలేజీలో పాఠాలు చెబుతుంది. తాత నాటకమంటే ఆమెకు పంచప్రాణాలు. కబురు విన్న మర్నాటి నుంచే బుచ్చిరాములు బ్లేడు ముట్టలేదు.

నవంబరు చివర జెస్సికా స్వీటు డబ్బాతో వచ్చి గుంట ఒడ్డున కూర్చుంది.

"తాతా, నువ్వే చీఫ్ గెస్టు. శాలువా కప్పుతం. విన్సెంట్ అని మా యూత్ పిలగాడు చక్రవర్తి ఏస్తాండు."

పంజా ఆగింది.

"నువ్వు ఎయ్యాలనే ఉండె తాతా. గుర్రం మీదికెల్లి పడాలె గద, నీ మోకాలేమో ఆపరేషన్ అయిన మోకాలు. ఏమన్న అయితే అవ్వ నన్ను బతకనిస్తదా?"

"అవ్ బిడ్డా, నిజమే. పిలగాండ్లు ఎయ్యాలె. సంతోషం" అన్నాడు బుచ్చిరాములు. స్వీటు తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆమె వెళ్ళాక ఆ పూట పంజా చప్పుడు మళ్ళీ వినపడలేదు.

పోశవ్వకు ఒక్కసారి బరువు దిగినట్టయింది. మర్నాడే దుకాణం నుంచి కొత్త బ్లేడు తెచ్చి అద్దం ముందు పెట్టింది. వారం అయినా ఆ బ్లేడు కాగితం విప్పలేదు.

"చీఫ్ గెస్టుకు గడ్డమెందుకయ్యా? శాలువా కప్పంగ ఫొటోల మంచిగుండాలె గద."

"ఉండనియ్."

"ఎవల కోసం?"

బుచ్చిరాములు ఆమెను చూశాడు. తర్వాత లేచి, గోడ పట్టుకుంటూ గడప దాటి బయట అరుగు మీద కూర్చున్నాడు. లోపల చెప్పకూడని మాట కాబట్టి బయటికి పోయాడని పోశవ్వకు అర్థమైంది. ఆమె కూడా వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఏలియా దవాఖానల ఉన్నప్పుడు నన్ను ఒకటి అడిగిండు" అన్నాడు. "అప్పటికే గొంతు సగం పోయింది. నా గడ్డం పట్టుకొని, అరేయ్, గా మాట ఒక్కసారన్న సరిగ్గ చెప్పురా, విని పోతా అన్నడు."

"చెప్పినవా?"

"ఎట్ల చెప్తనే? నా ఇంట్లనే అనొద్దని నువ్వు ఇన్నేండ్లు మొత్తుకుంటివి. మంచాన పడ్డ మనిషి ముంగట చావు మాట అంటనా? ఫికర్ చెయ్యకు, లేచి రా, ఈ యేడు స్టేజీ మీద సరిగ్గ చెప్తా అన్న. నవ్విండు. తెల్లారి పోయిండు."

గల్లీలో ఎవరో బండి మీద పోతూ హారన్ కొట్టారు. బుచ్చిరాములు తెల్లగడ్డాన్ని అరచేత్తో సవరించుకున్నాడు.

"స్టేజీ మీద అంటినే నేను. ఇంకెక్కడ చెప్పినా గది చెల్లదు. ఒక్కసారి చెప్పాలె. గంతే."

పోశవ్వ కొంగు బిగించి, లేచి, గల్లీ దాటి ఎదురింటికి పోయింది. దీనమ్మ బియ్యం ఏరుతోంది, జెస్సికా ఫోనులో ఎవరితోనో మైకుల గురించి మాట్లాడుతోంది. పోశవ్వ జరిగిందంతా దీనమ్మకు చెప్పింది; జెస్సికా ఫోను పెట్టేసరికి ఆమెకు అందింది, తాతకు ఆఖరి మాట ఒక్కసారి స్టేజీ మీద చెప్పాలని ఉందన్నంత వరకే. దీనమ్మ వేళ్ళు చేటలోని బియ్యంలో అట్లాగే ఆగిపోయాయి.

"నాకు బుచ్చన్న చెప్పనే లేదు గదనే" అంది దీనమ్మ చేట పక్కకు పెట్టి.

"ఇప్పుడు ఎట్ల అవ్వా? పడితే మోకాలు..." అంది జెస్సికా.

"పడుడెందుకు? కూసుండి సావరాదా?" అంది పోశవ్వ. "ఇన్నేండ్లు సావద్దని మొత్తుకున్నదాన్ని నేనే. ఇప్పుడు నేనే అడుగుతాన. మా ఆయనను జర మంచిగ సావనియ్యుండ్లి."

ఆ మాటకు ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. జెస్సికాకు అప్పుడు గుర్తొచ్చింది. తను చదివిన చరిత్రలో జూలియన్ గుర్రం మీంచి పడిన చోటే చావలేదు. దెబ్బ తగిలాక గుడారంలోకి మోసుకుపోతే, పక్క మీద పడుకుని స్నేహితులతో మాట్లాడుతూ మాట్లాడుతూ పోయాడు. అంటే యుద్ధం దాకా విన్సెంట్, గుడారంలో బుచ్చిరాములు.

"పర్దా మూసినప్పుడు ముప్పై ఏండ్లోడు, తెరిసేసరికి డెబ్బై ఏండ్లోడు అయితడు గద నానమ్మా!"

"బల్లెం దెబ్బకు ముసలోడయిండనుకుంటరు తియ్" అంది దీనమ్మ.

రిహార్సళ్ళలో ఆ ఒక్క మాట మాత్రం బుచ్చిరాములు పలకలేదు. మైకు సరిచూసుకోవాలి, ఒక్కసారి చెప్పు తాతా అని జెస్సికా బతిమాలినా, గది స్టేజీ మీదనే అన్నాడు. ఆమె కూడా మరీ బలవంతం చెయ్యలేదు. ఆ మాట ఏమిటో వాడలో ఎవరికి తెలియదు? ఆవరణలోకి వచ్చే ప్రతి ముసలివాడూ పక్కనున్న మనవడి చెవిలో, ఆఖర్న చూడు, గల్లీవాడా అంటడు అని ఊరిస్తూనే ఉన్నాడు.

వార్షికోత్సవం నాటి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నాటకం మొదలైంది. విన్సెంట్ బాగానే చేశాడు. గుళ్ళు తెరిపించినప్పుడు వెనక వరసల్లోంచి పాత అలవాటు కొద్దీ చప్పట్లు మోగాయి. బాతు కూడా తన వేషం తను చేసింది. ఆ సీను కాగానే పోశవ్వ దాన్ని చంకన పెట్టుకుని గేటు వైపు నడిచింది. గేటు దాకా పోయి నిలబడింది. మళ్ళీ వెనక్కి వచ్చి, బాతుతో సహా ముందు వరసలో కూర్చుంది. ఆమె కుడి పిడికిలి బిగించి ఉంది.

పర్దా మూసి తెరిచారు. గుడారంలో ఎర్ర జంపఖానా పరిచి ఉంది. మొదటి ఏడు చక్రవర్తి భుజాన కప్పుకున్నదే అది. దాని మీద దిండుకు ఆనుకుని, తెల్లగడ్డంతో బుచ్చిరాములు. వయసు చూసి ముందు పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్దవాళ్ళు గుర్తుపట్టి, "బుచ్చన్న! బుచ్చన్న!" అన్నారు. ఆవరణంతా సద్దుమణిగింది.

అతను పర్దా పక్కకు తిరిగి చూశాడు. అక్కడ ఏలియా ఇనుప స్టూలు ఉంది. ఆ సాయంత్రం దీనమ్మే తెచ్చి వేసింది. దాని మీద జెస్సికా కూర్చుని ఉంది. తాతలాగే పెదవులు కదిపి మాట అందించింది. "గల్లీవాడా." ఆమె నాటకం ప్రతిలో రాసుకున్నది కూడా అదే. వాడంతా ఎదురుచూస్తున్నది కూడా అదే.

బుచ్చిరాములు దోసిలి పైకెత్తాడు. కుడిచెయ్యి పంజా పట్టినట్టు ఒకసారి కదిలింది. ఒక్కొక్క అక్షరం దిగ్గొట్టినట్టు, ఎక్కడా తడబడకుండా పలికాడు.

"ఓ గలిలయుడా! నీవే జయించితివి!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో జాలిగా, "అయ్యో, తప్పు చెప్పిండు!" అన్నారు. దీనమ్మ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు చక్రవర్తి ఆ స్టూలు వైపు తల తిప్పాడు. దాని మీద కూర్చున్న పిల్లను కాకుండా, ఆ పిల్ల వెనక ఎవరో ఉన్నట్టు చూశాడు. మెల్లగానే అన్నాడు గానీ మైకులో అందరికీ వినపడింది.

"గల్లీవాడా, ఇగ నువ్వే గెల్చినవ్ రా."

తెల్లగడ్డం గుండెల మీద వాలింది. ముందు దీనమ్మ ఏడ్చింది, తర్వాత జెస్సికా, ఆ తర్వాత ఆవరణంతా లేచి నిలబడింది. పర్దా లాగాల్సిన కుర్రవాళ్ళు కూడా లాగడం మరిచిపోయి చప్పట్లు కొడుతున్నారు. బుచ్చిరాములు మాత్రం కళ్ళు మూసుకుని అట్లాగే పడుకుని ఉన్నాడు. మోకాలు సహకరించక లేవలేకపోతున్నాడో, లేవాలని లేదో తెలియలేదు.

పోశవ్వ బాతును పక్కామె ఒళ్ళో పెట్టి స్టేజీ ఎక్కింది. అందరూ చూస్తుండగానే పిడికిట్లోని ఉప్పును అతని చుట్టూ మూడుసార్లు తిప్పింది. తర్వాత ఎడమచెయ్యి అందించింది.

"లే. ఇంటికి పోదాం. సచ్చింది సాలు."